రెక్కలు దిగేదాకా

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి వంతెనమ్మకు నిద్రలో కూడా ఇనుము ఉబ్బుతున్నట్టే ఉండేది.

ఆ పేరు బస్సు డ్రైవర్లు పెట్టింది. వెక్కిరింపుగా మొదలై, చివరికి ఆఫీసులోవాళ్ళ నోటికి కూడా అదే అలవాటైపోయింది. నది మీద లేచి దిగే ఆ పాత వంతెనకు తూర్పు స్తంభం పైన ఒక గాజు గది ఉంది. పొద్దుటి డ్యూటీలో అందులో కూర్చునేది ఆమె. నదిలో పడవ హారన్ కొడితే తానూ హారన్‌తోనే బదులివ్వాలి. రోడ్డు మీద ఎర్రదీపం వెలిగించి, గంట మోగించి, రెండు వైపులా గేట్లు దించాలి. నాలుగు అద్దాల్లోంచీ తొంగిచూసి, లేచే ఆ రెండు వంతెన రెక్కల మీద మనిషిగాని, సైకిలుగాని, కుక్కగాని మిగిలిపోలేదని రూఢి చేసుకోవాలి. అప్పుడు మధ్యలో రెండు రెక్కల్నీ కలిపి పట్టుకున్న గడియలు లాగి, లీవరు మెల్లగా తన వైపుకు తెచ్చుకోవాలి. అంతవరకూ రోడ్డుగా పడి ఉన్నది రెండుగా విడిపోయి, తారుతో, తెల్లగీతలతో, దీపస్తంభాలతో సహా లేచి ఆకాశం వైపు నిలబడుతుంది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ క్షణంలో ఆమెకు బెంగగానే ఉంటుంది. లేవడం గురించి కాదు బెంగ. లేచింది దిగుతుందా అని.

స్తంభం లోపల, నీటిమట్టానికి కిందుగా, ఒక గుంట ఉంది. అందులో పళ్ళ చక్రాలకు గ్రీజు పెట్టేది బాబాయి. సొంత బాబాయి కాదు. ఆమె తండ్రి ఆ గుంటలో పనిచేసిన రోజుల్లో ఆయన పక్కన పనిచేసినవాడు, అంతే. ప్రతి రెక్క తోకకూ ఇంట్లో గదంత పోత ఇనుము కట్టి ఉంటుంది. రెక్క లేస్తుంటే ఆ బరువు గుంటలోకి దిగుతుంది, రెక్క దిగుతుంటే బరువు లేస్తుంది. త్రాసులో రెండు తట్టల్లాగా అవి సరితూగుతాయి కాబట్టే, పిండిమర మోటారంత మోటారు అంత రోడ్డునీ ఎత్తగలుగుతోంది. పూర్వం ఆ పని ఆవిరితో జరిగేదట. బాయిలరు పొగగొట్టం మొండెం ఇంకా స్తంభం పక్కన నిలబడే ఉంది, పావురాలకు పనికొస్తోంది.

ఆ రోజుల్లో వంతెన అవతల గోదాములుండేవి, పొద్దస్తమానం ఓడలు వచ్చిపోతుండేవి. నదిలో హారన్ మోగితే రోడ్డు ఆగి తీరాలన్న నిబంధన అప్పటిది. ఇప్పుడు ఓడలు లేవు. నిబంధన మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. సరిగ్గా జనం పనులకు పరిగెత్తే వేళకు, తెరచాప పడవ ఒకటి ఎగువ నుంచి వచ్చి హారన్ కొట్టేది. తెల్లటి పడవ, పొడవాటి తెరచాప కొయ్య, అందులో ఒకే ఒక్క మనిషి. ఉద్యోగం నుంచి దిగిపోయిన పెద్దమనిషి, సముద్రం దాకా షికారు వెళ్ళొస్తాడు. ఆయనొక్కడి కోసం బస్సులన్నీ ఆగేవి. బస్సుల్లో జనం తలలు బయటపెట్టి గాజు గది వైపు చూసి తిట్టేవాళ్ళు. పడవను తిట్టేవాళ్ళు తక్కువ. పడవ కదిలిపోతుంది, ఆమె ఎక్కడికీ పోదు కదా.

ఆ తిట్లు ఆమెకు పాతవే. చిన్నది ఆ బస్సెక్కడం మొదలుపెట్టాకే కొత్తగా గుచ్చుకోవడం మొదలైంది.

చిన్నది ఆమె చెల్లెలు. వంతెన దాటగానే ఉన్న పెద్దాసుపత్రి లాండ్రీలో పనికి కుదిరింది. పని ఇంకా ఖాయం కాలేదు. సైరన్ మోగాక గేటు మూసేస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్ళను వెనక్కి పంపేస్తారు. మొదటి వారంలోనే ఒకసారి తెల్లపడవ పుణ్యమా అని అలా వెనక్కొచ్చింది. ఆ తర్వాత ఎండలు ముదిరాయి.

ఆ పొద్దున పడవ వెళ్ళిపోయింది, రెక్కలు దిగాయి, కానీ చివరికంటా దిగలేదు. వేడికి ఉబ్బిన ఇనుము కొసలు ఒకదాన్నొకటి పట్టుకుని, జానెడు ఎత్తున ఆగిపోయాయి. ఆమె రెక్కల్ని కాస్త ఎత్తి మళ్ళీ దించింది. మళ్ళీ అక్కడే. కింద బాబాయి పైపు పట్టుకుని కొసల మీద నీళ్ళు కొడుతున్నాడు. పడ్డ నీళ్ళు పడ్డట్టే ఆవిరైపోతున్నాయి.

"ఇంకా కొట్టు బాబాయ్," అంది ఫోన్లో.

"కొడుతూనే ఉన్నానమ్మా. నది మొత్తం తోడి పోయమంటావా?"

గేటు దగ్గర బస్సు దిగి నిలబడ్డవాళ్ళలో చిన్నది కనిపించింది. గేటు కడ్డీ మీద రెండు చేతులూ పెట్టి, తెరుచుకోగానే పరిగెత్తడానికి సిద్ధంగా ఉంది. పక్కనున్నవాళ్ళంతా గాజు గది వైపు చెయ్యి చూపిస్తూ ఏదో అంటున్నారు. చిన్నది మాత్రం తల ఎత్తలేదు. అవతలి ఒడ్డున ఆసుపత్రి సైరన్ మోగింది. ఆమె వేళ్ళు లీవరు మీద చెమటకు జారుతున్నాయి. రెక్కలు దిగి గడియలు పడేసరికి సైరన్ ఆగిపోయి చాలాసేపైంది. గేటు లేవగానే చిన్నది పరిగెత్తింది. చెప్పు ఒకటి జారితే వెనక్కొచ్చి తొడుక్కుని మళ్ళీ పరిగెత్తింది.

ఆ సాయంత్రం ఇద్దరూ వంటగదిలో గోడకానుకుని కూర్చుని తింటున్నారు.

"ఏమన్నారు?"

"ఏమంటారు. ఇవాళ్టికి ఊరుకున్నారు. ఇంకోసారైతే రావద్దన్నారు." చిన్నది కంచంలోకే చూస్తోంది.

"పోనీ రేపట్నుంచి నాతోపాటే వచ్చెయ్యి. నా బస్సుకొస్తే ఏ పడవా అడ్డు రాదు."

"అంత పొద్దున్నే వెళ్ళి ఏం చేయనక్కా? గేటు ముందు నిలబడనివ్వరు."

"మెట్ల మీద కూర్చో."

"కూర్చోనివ్వరు కూడా."

"ఇదెక్కడి చోద్యమే. మనిషి ముందొస్తే తప్పేంటి వాళ్ళకి?"

చిన్నది మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి నవ్వింది. "నువ్వు నీ రెక్కలు సరిగ్గా దించు. నా సంగతి నేను చూసుకుంటాను."

హాస్యానికే అంది. కానీ అక్క ఆ మాట మరిచిపోలేకపోయింది.

ఆ తర్వాత రోజులన్నీ ఆమెకు ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిచాయి. గాజు గదిలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఒక కన్ను నది వంపు మీద, ఒక కన్ను ఏటవాలుగా దిగే బస్సుల రోడ్డు మీద. బస్సు ముందొచ్చి దాటిపోతే గుండెల నిండా ఊపిరి పీల్చుకునేది. కిటికీ పక్కన నిలబడ్డ చిన్నదాని వీపు గుర్తుపట్టేదాకా చూసేది. ఒక పొద్దున పడవ ముందొచ్చింది. లీవరు మామూలు కన్నా తొందరగా లాగింది. పళ్ళ చక్రాలు కీచుమన్నాయి.

బాబాయి మెట్లెక్కి పైకొచ్చాడు. "ఏంటమ్మా ఆ లాగుడు? గుంటలో నా పళ్ళు కూడా కదిలాయి."

"బస్సు ఆగిపోతుందని బాబాయ్."

"బస్సులు ఆగడం కోసమే కదా మనకీ ఉద్యోగం," అన్నాడాయన, నుదురు తుడుచుకుంటూ. తర్వాత ఆమె మొహం చూశాడు. కూజాలో నీళ్ళు తాగి కిందికి దిగిపోయాడు.

ఆ మరుసటి రోజు జరిగింది.

నదిలో హారన్ మోగింది. చెయ్యి దానంతటదే వెళ్ళి బదులు హారన్ నొక్కింది. వస్తున్నావు, విన్నాను, తెరుస్తున్నాను అని దాని అర్థం. అలా నొక్కుతూండగానే వాలు మీద బస్సు కనిపించింది. ఎర్రదీపం మీట మీద వేలు పెట్టింది. పెట్టి, ఆగింది. బస్సు ఇంకెంత, ఇదిగో వచ్చేసింది. ఈ ఒక్కటీ దాటిపోనిచ్చి వెంటనే గేట్లు దించుదామనుకుంది. పడవ ఇంకా వంపు దగ్గరే ఉంది.

బస్సు వంతెన ఎక్కింది. దాని ముందు సిమెంటు బస్తాల లారీ ఒకటి ఈసురోమంటూ పోతోంది. సరిగ్గా రెక్కలు కలిసే అతుకు దాటాక ఇంజను చచ్చి లారీ ఆగింది. బస్సూ ఆగింది. బస్సు వెనక ఇంకో రెండు కార్లు ఎక్కేశాయి. ఆమె ఎర్రదీపం వేసింది, గంట మోగించింది, గేట్లు దించింది. రెక్కల మీదున్నవి మాత్రం కదలడం లేదు.

ప్రవాహం పడవను వెనకనుంచి నెట్టుకొస్తోంది. వస్తున్న మనిషికి తొందరేం లేదు, బదులు హారన్ విన్నాడు కదా. ఆమె ప్రమాదపు హారన్ నొక్కింది. వదిలి మళ్ళీ నొక్కింది. ఆయన తలెత్తి, మూసి ఉన్న వంతెనను చూశాడు. చేత్తో తాళ్ళు లాగాడు, తెరచాప కుప్పకూలింది, పడవ అడ్డం తిరిగింది. స్తంభానికి కాపుగా నీళ్ళలో పాతిన దుంగల వైపు అది పక్కవాటుగా కొట్టుకుపోతుంటే, ఆయన పడవను కాపాడుకుందామని చెయ్యి అడ్డం పెట్టాడు.

పై నుంచి ఆమెకు చప్పుడు వినిపించలేదు. ఆయన ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని మెల్లగా పడవలో కూర్చోవడం మాత్రం కనిపించింది.

లారీ ఎలాగో మళ్ళీ స్టార్టయ్యాక బస్సు కదిలి అవతలికి దాటిపోయింది. చిన్నది కిటికీ వైపు వీపు తిప్పి నిలబడి ఉంది. సైరన్ ఇంకా మోగలేదు.

మధ్యాహ్నం ఆమె స్థానంలో ఇంకొకర్ని కూర్చోబెట్టి, పడమటి ఒడ్డున ఆఫీసుకు రమ్మన్నారు. ఇంజనీరు మంచివాడని పేరు. ఆమెను కూర్చోమన్నాడు. ఫ్యాను ఆమె వైపుకు తిప్పాడు.

"ఎండలకి రెక్కలు పట్టేస్తున్నాయని నేను పైకి చెప్తూనే ఉన్నాను," అన్నాడు. "బాగు చేయించమంటే వినరు. ఇవాళ కూడా పట్టేసి ఉంటాయి. తెరుద్దామంటే తెరుచుకోలేదు. అంతేగా?"

తప్పించుకోమని ఆయన ఏ తలుపు తీసి పట్టుకున్నాడో ఆమెకు అర్థమైంది. చెమట పట్టిన అరచేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

"నీళ్ళు కొట్టారా లేదా అని అడుగుతారు కదా సార్?"

"అడుగుతారు."

"కొట్టేది బాబాయి."

"ఆయన ఎలాగూ దిగిపోయే వయసులో ఉన్నాడు. అదేదో నేను సర్దుతాను."

ఫ్యాను గాలికి బల్ల మీద కాగితం ఒకటి లేస్తూ పడుతూ ఉంది. ఆమె అరచేత్తో దాన్ని అదిమిపెట్టింది.

"పట్టెయ్యలేదు సార్. నేనే తెరవలేదు."

"ఎందుకని?"

"బస్సు దాటాలని."

"ఏ బస్సు?"

"మా చెల్లెలున్న బస్సు."

ఇంజనీరు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. "ఆయన మణికట్టు విరిగింది, తెలుసా?"

"చూశాను సార్."

"ఇప్పుడు నేనేం చెయ్యాలో కూడా తెలుసు కదా."

తెలుసు. గాజు గది తాళంచెవి బల్ల మీద పెట్టింది. విచారణ అయ్యేదాకా పైకి ఎక్కొద్దని, కబురు చేస్తామని చెప్పాడు. బయటికొచ్చింది. పోతే పోయింది, చిన్నదాని పనైనా నిలబడిందనుకుంది. ఆ ఒక్క మాటనే మనసులో గట్టిగా పట్టుకుని, ఆసుపత్రి వెనక సందులోకి నడిచింది.

లాండ్రీ గేటు దగ్గర బట్టల సోడా వాసన, ఆవిరి వాసన. కాపలా మనిషి స్టూలు మీద కూర్చుని చెవిలో పుల్ల పెట్టుకుంటున్నాడు.

"మా చెల్లెల్ని ఒక్కసారి పిలుస్తారా? ఇస్త్రీ సెక్షను. సన్నగా, పొడుగు జడ."

"పొడుగు జడ పిల్లా?" అతను పుల్ల తీశాడు. "వంతెన దగ్గర ఇరుక్కుపోయేదే, ఆ పిల్లేనా? తను లేదు కదమ్మా ఇప్పుడు."

"ఎక్కడికెళ్ళింది?"

"మానిపించేశారు. ఆ మధ్య ఎండకి వంతెన దిగలేదు చూడండి, ఆ రోజే. పరిగెత్తుకునే వచ్చింది పాపం. రూలు రూలన్నారు."

ఆమె అక్కడే నిలబడిపోయింది. లోపల యంత్రాలు గుయ్యిమంటూ తిరుగుతున్నాయి. కాపలా మనిషి స్టూలు మీంచి లేచి, "కూర్చోండమ్మా," అన్నాడు. ఆమె కూర్చోలేదు. చిన్నదాని చేతులకు కొన్నాళ్ళుగా ఆ సోడా వాసన రావడం లేదని ఆమెకిప్పుడు తట్టింది.

"మొన్న ఆసుపత్రి పెద్ద హాల్లో కనిపించింది నాకు," అన్నాడతను. "ఎవర్నో చూడ్డానికి వచ్చిందనుకున్నాను."

హాల్లో వరసగా బెంచీలు. చీటీలు పట్టుకున్నవాళ్ళు, నిద్రపోతున్నవాళ్ళు, ఏడుపు ఆపుకుంటున్నవాళ్ళు. చివరి బెంచీలో, ఫ్యాను కింద, చిన్నది ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. అక్కను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్ళుగా ఇక్కడ?"

"పొద్దున్నపూట దుకాణాలు తిరుగుతాను. పని ఉందా అని అడుగుతాను. ఎండెక్కాక ఇక్కడికొస్తాను." చిన్నది గొంతు తగ్గించింది. "ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఎవరి గొడవ వాళ్ళది."

"నాతో చెప్పడానికేమైంది?"

"చెప్తే ఏమవుతుందో తెలీదా? నీ చెయ్యి ఆ లీవరు మీద ఆడుతుందా ఇంక? అసలే రాత్రుళ్ళు పలవరిస్తున్నావు, నీళ్ళు కొట్టు, నీళ్ళు కొట్టు అని."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"పనే లేనప్పుడు రోజూ అదే బస్సెక్కడం దేనికే?"

చిన్నది సంచి పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది.

"నువ్వు పైనుంచి చూస్తావని."

అప్పుడు అక్క జరిగిందంతా చెప్పింది. బదులు హారన్ కొట్టడం, మీట మీద వేలు ఆగడం, లారీ, దుంగలు, ఆయన చెయ్యి. చిన్నది వింటూ వింటూ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఆ ప్రమాదపు హారన్ తానూ విన్నదట బస్సులో. అందరితోపాటు తానూ, ఏమైందో ఏమో అనుకుందట.

"ఆయన ఇక్కడే ఉండుంటాడు," అంది అక్క, లేస్తూ. "వస్తావా?"

మేడ మీద గదిలో ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. మోచేయి దాకా తెల్లటి కట్టు. ఆయన భార్య వంగి ఆయన చెప్పుల పట్టీలు పెడుతోంది. గాజు గదిలోంచి చూసినప్పుడు తెలియలేదు గానీ, మనిషి బాగా పెద్దవాడు.

"ఎవరమ్మా?" అంది భార్య.

"వంతెన మనిషినండి. పైన ఉండేది నేనే."

ఆయన ఆమె వైపు తేరిపార చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. లెక్క తేలని మనిషి చూపు అది.

"మీరు బదులు హారన్ కొట్టారు కదమ్మా," అన్నాడు.

"కొట్టానండి."

"అదే నాకు అర్థం కాలేదు. పొద్దుట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. నేను తప్పు విన్నానేమో అనుకున్నాను."

"మీరు సరిగ్గానే విన్నారండి. తప్పు నాదే. మా మనిషి ఉన్న బస్సు దాటాలని తెరవలేదు."

ఆయన కట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ చిన్నదాని వైపు చూశాడు. క్షమించానని అనలేదు. పొమ్మనీ అనలేదు. భార్య రెండో చెప్పు పట్టీ బిగించి, ఆయన చంక కింద చెయ్యి వేసి లేపింది. అక్కాచెల్లెళ్ళు గుమ్మం పక్కకు తప్పుకుని వాళ్ళకు దారిచ్చారు.

సాయంత్రం ఇద్దరూ నడిచి వంతెన దగ్గరికొచ్చేసరికి గేట్లు దించి ఉన్నాయి. ఇసుక తవ్వే పడవేదో మెల్లగా పోతోంది. జనంలో ఇరుక్కుని కడ్డీ దగ్గర నిలబడ్డారు. రెక్క కళ్ళెదుటే గోడలా లేచి, మిగతా ఊరు కనపడకుండా అడ్డం నిలబడింది.

"ఆ పైన కూర్చున్న మహాతల్లికేం తెలుస్తుంది మన అవస్థ," అంది పక్కనున్న ఆవిడ, ఎవరితోనో కాదు, అందరితోనూ. ఆవిడ చేతిలో చంటిబిడ్డ చెమటకు చిరాకుపడి ఏడుస్తోంది. చిన్నది ఏదో అనబోతే అక్క మోచేత్తో పొడిచింది.

"బిడ్డని ఇలా ఇవ్వండి కాసేపు," అని చేతులు చాపింది. "మీ చెయ్యి నొప్పెడుతుంటుంది."

రెక్క దిగడం మొదలైంది. ఆమె బిడ్డను భుజాన వేసుకుని కొసల వైపే చూస్తోంది. పట్టేస్తుందేమోనని ఎప్పటిలాగే భయం. కానీ చేతిలో లీవరు లేదు, చెయ్యగలిగిందీ లేదు. రెక్క వచ్చి వచ్చి, ఒక్క క్షణం తటపటాయించినట్టు ఆగి, దిగింది. గేటు లేచింది. జనం ఒక్కుదుటున కదిలారు. బిడ్డను తల్లికిచ్చేసి వాళ్ళిద్దరూ ఆ తోపులాటలోనే నడిచారు.

"రేపు పొద్దున్న ఇద్దరం ఎక్కడికెళ్దాం?" అంది చిన్నది.

"నువ్వు అడిగేసిన దుకాణాలేవో చెప్పు," అంది అక్క. "అవి వదిలేసి మిగతావి అడుగుదాం."